నీలిమ వాయించిన గొంతు

భిలాయి నెహ్రూ నగర్‌లోని ఒక హాల్లో, ముందు వరసలో కొడుకు లక్ష్మీప్రసాద్ పక్కన కూర్చున్న నూకమ్మ, స్టేజీ మీదికి మిగతావాళ్లు ఎప్పుడొస్తారా అని చూస్తోంది. అక్కడ ఒక్క కుర్చీయే ఉంది. అందులో మనవరాలు నీలిమ, మోకాళ్ల మధ్య పెద్ద వాయిద్యం నిలబెట్టుకుని కూర్చుంది.

"తబలా అబ్బాయేడిరా?"

"ఎవులూ రారమ్మా. ఇది చెల్లో ఒక్కదానికే రాసిందంట. మనమ్మాయే సొంతంగా కట్టింది."

నీలిమ పుట్టిందీ పెరిగిందీ భిలాయిలోనే. చెల్లో మాత్రం చెన్నైలో నేర్చుకుంటోంది. సెలవులకు ఈ ఊళ్లోనే కోహ్కాలో ఉన్న ఇంటికి వచ్చింది.

కమాను తీగ మీద పడింది. ఒకసారి గీరింది. ఆగింది. మళ్లీ రెండుసార్లు గీరింది. శ్రుతి చేసుకుంటోంది కాబోలు అనుకుంది నూకమ్మ. ఎంతసేపటికీ ఆ శ్రుతి తెమలలేదు. ఒకచోట గొణుగుడు, ఒకచోట గదమాయింపు, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఖాళీ. జనం బుద్ధిగా వింటున్నారు. వాళ్లకేం అర్థమవుతోందో, తనకెందుకు కావడం లేదో తెలియక ఆమె పైటకొంగు నలుపుకుంటూ కూర్చుంది.

అంతలో చెల్లో పిలిచింది. పైనుంచి కిందికి జారిన రెండు స్వరాలు. "అప్పా..." మళ్లీ, కాస్త విసుగ్గా, "అప్పా!"

"వొచ్చేత్తన్నానే!" అంటూ నూకమ్మ లేచి నిలబడింది.

హాలంతా తిరిగి చూసింది. ఎవరో నవ్వారు. లక్ష్మీప్రసాద్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నీలిమ కమాను ఆపలేదు. నూకమ్మకు చెవులు వేడెక్కాయి. తనను అక్కా అనడానికి అప్పా అని పిలిచింది లోకంలో చెల్లెలు చిన్నమ్మలు ఒక్కతే. అది పోయి చాన్నాళ్లయింది.

ఇంటికి వెళ్లే దారిలో ఆ సంగతి చెబితే నీలిమ పకపకా నవ్వింది. "అరే మామ్మా, వో తో నువ్వే! నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే రికార్డ్ చేశా కదా. ఆ ఉతార్-చఢావ్, గొంతు పైకెళ్లడం, కిందికి దిగడం అంతా చెల్లోలో పెట్టా."

"నేనా? నానలా మాటాడతానేటే?"

"బిల్కుల్."

"మరందులో ఏటన్నాను?"

నీలిమ తడబడింది. "మాటలు నాకు పూరా సమఝ్ కాలేదు మామ్మా. గొంతు ఒక్కటే తీసుకున్నా."

ఇంటికి రాగానే నూకమ్మ బొబ్బిలిలో ఉన్న చిన్నమ్మలు కూతురు వనజాక్షికి ఫోన్ చేసింది.

"మీ యమ్మ నన్నెలా పిలిచీదే?"

"ఎలాగేటి పెద్దమ్మా, మెల్లగానే. మా యమ్మ గొంతు పక్క గదిలోకైనా ఇనిపించీదా? ఏటయ్యిందిప్పుడు?"

"ఏటీ నేదులే" అని పెట్టేసింది. మేడ మీంచి చిన్నమ్మలు పెట్టే కేకలు ఆమెకు ఇప్పటికీ గుర్తే. కూతురు చూస్తే ఇలా అంటోంది. ఇన్నాళ్లూ తనకు గుర్తున్నది చెల్లెలి గొంతేనా, లేక తను చెల్లెల్ని పిలిచిన పిలుపా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు పొద్దున్న ఆ ముక్కే మళ్లీ వాయించమంది. ఈసారి కర్ర, తీగ తప్ప ఏమీ వినపడలేదు. ఇంకోసారి వాయిస్తే తన గొంతులాగే ఉంది. మూడోసారి ఎవరిలాగానూ లేదు.

"ఇదేనా నిన్న వాయించింది?"

"ఇదే మామ్మా. ఒక్క స్వరం కూడా మార్చలేదు."

"దీనికి పేరేటి ఎడతావు?"

"నూకమ్మ అని."

నూకమ్మ వేలితో ఒక తీగ మీటి చూసింది.

"కొన్నాళ్లాగవే," అంది. "ముందది నేనో కానో తేలనీ."