చివరి భాగం చౌకగా

అత్తాకోడళ్లిద్దరికీ ఒకే పిచ్చి పట్టడం ఎక్కడోగాని జరగదు. వీళ్లకి జరిగింది. జపాన్ వాళ్ల బొమ్మల సీరియళ్లు, అనిమే అంటారే, అవి చూడందే ఇద్దరికీ పొద్దుపోదు.

కోడలు స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తుంది. అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక సినిమా హాల్లో టికెట్ కౌంటర్లో కూర్చుంది. కౌంటర్ మూసి, లెక్క అప్పజెప్పి లోపలికి వెళ్లేసరికి సగం సినిమా అయిపోయేది. క్లైమాక్స్ అందుకునేలోపు తర్వాతి ఆటకి జనం వచ్చి నిలబడేవాళ్లు. "నా బతుకంతా నడిమి రీళ్లలోనే తెల్లారిందమ్మా" అనేది. అందుకని రిటైరయ్యాక ఏ కథ మొదలుపెట్టినా ముగింపు చూసి తీరాలని ఆవిడ పంతం.

ఫోన్లో యాప్ ఉంటే సరిపోదా అంటే, సరిపోలేదు. కొండమీద చిన్న రైల్వే స్టేషన్లో ఒంటరిగా పనిచేసే ఒక అమ్మాయి కథ చూస్తుండగా, ఆ యాప్ వాళ్లు చెప్పాపెట్టకుండా సీరియల్ తీసేశారు. పైగా అత్తగారికి కింద వచ్చే అక్షరాలు ఆపి ఆపి చదువుకోవాలి. దాంతో డిస్కులు కొనడం మొదలుపెట్టారు.

చవగ్గా కొనడంలో కోడలు ఆరితేరిపోయింది. నాలుగు ఆన్‌లైన్ షాపుల్లో ధర పోల్చి చూసేది. బుట్టలో వేసి కొనకుండా వదిలేస్తే రెండ్రోజులాగి షాపు వాళ్లే తగ్గింపు కూపన్ పంపిస్తారని కనిపెట్టింది. 'అట్టపెట్టె నొక్కుకుపోయింది' అని రాసినవి ఏరుకునేది, నొక్కుకున్నది పెట్టే గాని డిస్కు కాదు కదా అని. రివ్యూలు చదివితే ముందు తిట్లే చదివేది. పొగడ్తలు ఎవరైనా రాయిస్తారు, తిట్లు మాత్రం కడుపుమండితేనే వస్తాయని ఆవిడ సిద్ధాంతం.

కొండమీది స్టేషన్ కథ చివరి భాగం దగ్గర వచ్చింది చిక్కు. ఆ భాగం ఉన్న డిస్కుల సెట్టు తయారీ ఆగిపోయింది. దొరికినచోట ధర చుక్కల్లో ఉంది. "ఆ తెల్లజుట్టోడు స్టేషన్ తగలబెట్టాడా లేదా? అది తెలీకుండా నేను పోతే నా ఆత్మ మీ టీవీ చుట్టూనే తిరుగుతుంది" అని రోజూ అత్తగారి పోరు. అలాంటి రోజుల్లో, ఎప్పుడూ పేరు వినని ఒక షాపులో ఆ సెట్టు మూడోవంతు ధరకే కనిపించింది. రివ్యూలన్నీ ఒకే వారంలో రాసినవి. ఒక్క తిట్టు లేదు. కోడలు అది గమనించింది. గమనించీ కొనేసింది. ఆశ అలాంటిది.

వారం తిరగలేదు. మధ్యాహ్నం, పేషెంట్లు లేని సమయంలో, ఎక్స్‌రే గది పక్కనుండే ఇరుకు గదిలో ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా వీడియో కాల్ వచ్చింది. తెరమీద యూనిఫాం వేసుకున్న మనిషి. వెనక గోడమీద ఏదో ముద్ర, జెండా.

"కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం మేడమ్. మీ పార్సిల్ తెరిచాం. పైన మూడు డిస్కులు మీరు ఆర్డర్ చేసినవే. కింద దాచినవాటిలో ఏముందో మీకు తెలుసు."

"నాకేం తెలీదండీ. ఏముంది?"

అతను చెప్పాడు. పసిపిల్లల మీద తీసిన పాడు వీడియోలు. ఆ మాట వినగానే ఆవిడ డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. అతను ఆవిడ ఇంటి అడ్రసు చదివాడు. భర్త పేరు చదివాడు, దూరపు ఊళ్లకి బస్సు నడుపుతాడని కూడా చెప్పాడు. డెలివరీ కోసం, ఎవరూ ఇంట్లో లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో అన్న గడిలో, ఆ వివరాలన్నీ, దూరపు బస్సు నడిపేటప్పుడు ఎత్తడన్న మాటతో సహా, తనే నింపానని ఆ క్షణాన ఆవిడకి తట్టలేదు.

"మీరిప్పుడు మా నిఘాలో ఉన్నారు. కాల్ కట్ చేస్తే పారిపోయినట్టే లెక్క. ఎవరితోనైనా చెప్తే వాళ్ల మీదా కేసు. ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి పదండి. కెమెరా బయటికి కనబడేలా ఫోన్ పై జేబులో పెట్టుకోండి."

పెట్టుకుంది. రిసెప్షన్‌లో అమ్మాయి "ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది?" అంటే, "తలనొప్పి" అంది.

రోజూ నడిచే వీధే. పళ్ల బండి, తాళాల షాపు, బడి గోడ. ఎండ ఫెళ్లున కాస్తోంది, మనుషులు ఎవరి పనిమీద వాళ్లు పోతున్నారు. వాళ్లందరినీ జేబులోంచి ఒక కన్ను చూస్తోంది. బడి గోడ పక్కనుంచి నడిచేటప్పుడు లోపల పిల్లల గోల వినపడింది. తను ఏ తప్పూ చేయలేదని తెలుసు, అయినా తల వంచుకుని గబగబా దాటేసింది.

కూడలిలో ట్రాఫిక్ పోలీసు నిలబడి ఉన్నాడు. పోయిన నెల అతని మణికట్టు విరిగితే ఎక్స్‌రే తీసింది తనే. ఆవిడని చూసి నవ్వి, కట్టు విప్పిన చెయ్యి ఎత్తి ఊపాడు. ఒక్క అడుగు అటు వేస్తే చాలు. కానీ ఇతనూ వాళ్లకే చెప్తే? 'ఆ కేసులో ఆడమనిషి ఈవిడేనా' అన్నట్టు ఆ నవ్వు మాయమైపోతే? ఆవిడ తల ఊపి రోడ్డు దాటింది. "మంచి పని చేశారు" అంది జేబు, మెల్లగా. భయమంటే ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది ఆవిడకి.

ఇంట్లో అత్తగారు హాల్లో కూర్చుని ఉంది. "అదేంటమ్మా, ఇంత పెందలాడే వచ్చావు?"

"తలనొప్పి అత్తయ్యా. కాసేపు పడుకుంటా."

గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఫోన్ అద్దానికి ఆనించి ఎదురుగా కూర్చోమన్నాడు అతను. ఇప్పుడు 'మేడమ్' పోయింది, 'మీరు' పోయింది. నీ ఖాతాలో డబ్బంతా మేం చెప్పిన ఖాతాకి పంపు, తనిఖీ చేసి తప్పులేదని తేలితే సాయంత్రానికి తిరిగొస్తుంది, లేకపోతే బండి వస్తుంది, వీధంతా చూస్తుండగా తీసుకెళ్తాం అన్నాడు. ఆవిడ పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. మళ్లీ తప్పు కొట్టింది.

"ఈ వీడియోలు నీతోపాటు ఇంకెవరు చూస్తారు?"

"మా అత్తగారండీ. బొమ్మల సీరియళ్లేనండీ, అంతకంటే..."

"అయితే ఆవిడ రెండో ముద్దాయి. పిలువు."

అంతసేపూ అతను ఏం చెప్తే అది చేసింది. ఇది మాత్రం ఆవిడ వల్ల కాలేదు. "ఆవిడ జోలికి రాకండి. పెద్దావిడ. మీకు దణ్ణం పెడతాను" అని గొంతెత్తి ఏడ్చేసింది.

ఆ గది గడియ ఎప్పుడూ వదులే. అత్తగారు భుజంతో నెడితే ఊడొచ్చింది. కోడలి మొహం చూసింది, అద్దం దగ్గర ఫోన్ తెర మూలన యూనిఫాం చూసింది. "ఎవరు బాబూ మీరు? ఏం చేశాం మేము?"

అతను మొదట్నుంచీ మళ్లీ అంతా చెప్పాడు. అత్తగారేమీ దాన్ని కొట్టిపారేయలేదు. పూర్తిగా నమ్మింది. మంచం అంచున కూలబడింది. తర్వాత అదే తెరమీద ఖాతా పేజీ కనపడి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"డబ్బు పంపొద్దు."

"పంపకపోతే పట్టుకెళ్తారు అత్తయ్యా!"

"పంపితే తప్పు చేశామని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. చేయని తప్పు నెత్తిన వేసుకుంటామా? లే. స్టేషన్‌కి పోదాం. మనంతట మనమే లొంగిపోదాం. ఉంచితే ఇద్దర్నీ ఒకే గదిలో ఉంచమని అడుగుదాం."

ఆవిడ నిజంగానే సంచి తీసింది. బీపీ మాత్రలు, కళ్లజోడు, ఒక తువ్వాలు, ఇద్దరికీ చెరో జత బట్టలు పెట్టింది. మాత్రల షీటు రెండుసార్లు కింద పడింది.

"ఎక్కడికీ కదలకూడదు!" అని అరిచాడు అతను. "లోకల్ స్టేషన్‌కి ఈ కేసుతో సంబంధం లేదు! అది వేరే శాఖ!"

"మీ శాఖవాళ్లనీ అక్కడికే రమ్మనండి బాబూ. ఇల్లు వెతుక్కునే బాధ తప్పుతుంది" అంది అత్తగారు. ఎగతాళికి అనలేదు, మర్యాదగానే అంది.

కాల్ కట్ చేయకుండా ఫోన్ మళ్లీ జేబులో వేసుకుని వాళ్లు గడప దాటేసరికి అతని గొంతు మారిపోయింది. మొదట బతిమాలాడు. సగం పంపినా చాలన్నాడు. వీధి మలుపు దగ్గర చివరిగా అన్నాడు: "వెళ్లండి. మీవాడి బస్సు ఇవాళ గమ్యం చేరదు."

ఇద్దరూ రోడ్డు మధ్యలో ఆగిపోయారు. కోడలు భర్తకి ఫోన్ చేయాలంటే ఈ కాల్ కట్ చేయాలి. కట్ చేయడానికి ధైర్యం చాలలేదు. అత్తగారు తన పాత ఫోన్ తీసి కొడుక్కి కలిపింది. మోగింది, ఎత్తలేదు. బస్సు నడిపేటప్పుడు ఎత్తడని ఇద్దరికీ తెలుసు, అయినా మళ్లీ కలిపింది, మళ్లీ కలిపింది. అలా కలుపుతూనే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పరుగు కాని పరుగుతో స్టేషన్ మెట్లెక్కారు.

లోపల బల్ల వెనక ఒక మహిళా కానిస్టేబుల్ ఉంది. కోడలు జేబులోంచి ఫోన్ తీసింది. తెర నల్లగా ఉంది.

"నేను కట్ చేయలేదండీ! దానంతటదే కట్టయింది! నేను పారిపోలేదని మీరే చెప్పాలి!" అని బల్ల పట్టుకుని గోలగోలగా ఏడ్చింది. పక్కనే అత్తగారు సంచి బల్లమీద పెట్టి, "మేం లొంగిపోవడానికొచ్చాం తల్లీ" అంది.

కానిస్టేబుల్ సంచి వైపు చూసింది, వాళ్ల వైపు చూసింది. కుర్చీలు లాగి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. అంతా విన్నాక నెమ్మదిగా, "వీడియో కాల్లో ఎవర్నీ అరెస్టు చేయరమ్మా. మీ పార్సిల్లో ఏమీ లేదు. అసలు పార్సిలే లేదు. ఆ షాపూ వాళ్లదే" అంది. "డబ్బు పోయాక ఏడుస్తూ వచ్చేవాళ్లనే ఇన్నాళ్లూ చూశాను. బట్టలు సర్దుకుని జైలుకొచ్చినవాళ్లని ఇదే చూడటం."

ఆ మాటకి నవ్వు రావాలి. వాళ్లకి రాలేదు. "మరి మా అబ్బాయి బస్సు?" అంది అత్తగారు.

"అదీ ఉత్త బెదిరింపే."

అనడానికి సులువు. కానిస్టేబుల్ బ్యాంకుకి ఫోన్ చేయించి కార్డు ఆపించింది, ఫిర్యాదు రాసుకుంది. అంతసేపూ వాళ్లిద్దరి కళ్లూ ఆ పాత ఫోన్ మీదే ఉన్నాయి. గోడ ఫ్యాను తిరుగుతోంది. ఎవరో వచ్చి సైకిల్ పోయిందని చెప్పి వెళ్లారు. ఎట్టకేలకి ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఇన్ని మిస్డ్ కాల్స్? ఇప్పుడే బస్సు డిపోలో పెట్టాను. కొంపలేమైనా మునిగాయా?"

అత్తగారు ఫోన్ కోడలి చేతిలో పెట్టి, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

ఆ షాపు సాయంత్రానికే మాయమైంది. సెట్టుకి కట్టింది పోయినట్టే. తర్వాత భర్త తెలిసిన షాపులో అసలు ధరకే అది తెప్పించాడు, ఇద్దరూ చూశారు కూడా. భయం మాత్రం సీరియల్‌తో అయిపోలేదు. ఎక్స్‌రే గది పక్కనున్న ఇరుకు గదిలో ఒంటరిగా కూర్చోవడానికి కోడలికి చాలాకాలం ధైర్యం చాలలేదు. టిఫిన్ డబ్బా రిసెప్షన్‌లో అందరి మధ్యా తెరిచేది. ఫోన్ మోగితే చెయ్యి దానికి దూరంగా జరిగేది.

ఒకరోజు ఇంట్లో తెలీని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కోడలు బిగుసుకుపోయింది. అత్తగారు వచ్చి పక్కన ఆనుకుని కూర్చుని, "ఎత్తు. ఇద్దరం ఉన్నాంగా" అంది. ఆవిడ గొంతులోనూ వణుకుంది. కోడలు ఎత్తింది. అవతల ఎవరో ముసలాయన, గ్యాస్ బండ ఎప్పుడు పంపిస్తారని అడుగుతున్నాడు.

"రాంగ్ నంబరండీ" అంది కోడలు, చాలా మర్యాదగా. ఫోన్ పెట్టేశాక కూడా ఇద్దరూ కాసేపు అలాగే, ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు.