నుదుటి మీద రూపాయి

వేలూరు ఆస్పత్రిలో యువరాణి అమ్మకు గుండె ఆపరేషన్ మొదలైంది. అదే సమయానికి గుడియాత్తం కాలేజీ స్టేజీ మీద ఆ అమ్మాయి రాజు కూతురి వేషంలో శవంగా పడుకుంది.

వాళ్లు ఆడుతున్న ఇంగ్లీషు మహాకవి నాటకంలో ముసలి రాజు చనిపోయిన కూతుర్ని చేతుల మీద మోసుకొస్తాడు. నాలుగు వందల ఏళ్లుగా ఆ కూతురు చస్తూనే ఉంది. "నా కోసం నాటకం ఆపొద్దు" అని అమ్మే పంపింది. యువరాణి ఒప్పుకుంది. శవానికి నుదుట అంటించే రూపాయి మాత్రం వద్దని, నాటకం వేయిస్తున్న గుణశేఖర్ సారును బతిమాలి ఒప్పించింది. అమ్మ కత్తి కింద ఉండగా తన నుదుట అది పడితే, ఇంటికి చావును పిలిచినట్టేనని ఆమె భయం.

రాజు వేషంలో గోకుల్ ఆమె పక్కన కూలబడి ఏడుస్తున్నాడు. ముందు వరుసలోంచి ఒక అవ్వ లేచి స్టేజీ ఎక్కింది.

"ఏం నాయనా రాజా, బిడ్డ నుదుట కాసు కూడా పెట్టకుండా సాగనంపుతావా?" అంటూ రొండిలోంచి రూపాయి తీసి వంగింది.

యువరాణి కళ్లు తెరిచి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దవ్వా. మాయమ్మ ఆపరేషన్లో ఉండాది."

అవ్వ రూపాయిని మళ్లీ రొండిలో దోపుకుని జనం వైపు తిరిగింది.

"బిడ్డ బతికినాది. ఇంక ఇండ్లకు పోండి."

హాలంతా చప్పట్లు. తెర పక్కన సారు తల పట్టుకున్నాడు. యువరాణి గోకుల్ జేబులో దాచిన తన ఫోను లాక్కుని చూసింది. ఆస్పత్రిలో ఉన్న నాన్న ఇంకా ఫోను చెయ్యలేదు. వేషం తీయకుండానే వేలూరు బస్సు కోసం పరుగెత్తింది.