వేలే మీటరు

ఆ పొద్దున మబ్బు కమ్ముకొచ్చి, ఇల్లదిరేలా ఉరిమి, చినుకైనా రాల్చకుండా వెలిసిపోయింది. అది తననే వెక్కిరించినట్టనిపించింది మెకానిక్‌కు. "ప్లాస్మా పెన్నేగా, నేను చేస్తా" అని వీధంతా ఉరిమింది తనే మరి.

చేశాడు కూడా, మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే గదిలోనే. కొసన గోరంత ఊదారంగు మంట, చల్లగా. మొండి పుళ్ళలో క్రిముల్ని చంపుతుందని డాక్టరమ్మ చెప్పింది. కొనాలంటే ఏనుగును కొన్నట్టే. ఇంట్లో చూస్తే అత్తగారి కాలి బొటనవేలిని షుగరు పుండు తినేస్తోంది. మానకపోతే వేలు తీసెయ్యాలి.

కరెంటును అదుపుచేసే రెసిస్టరు పెడితే మంట కునికింది, తీస్తే నిగనిగలాడింది. వేలు పెట్టి చూసుకున్నాడు. ఏమీ అనిపించలేదు. రెసిస్టరు డబ్బాలోకి పోయింది.

కట్టు మార్చడానికి వచ్చిన డాక్టరమ్మ పెన్ను చూసి, "కరెంటెంతో మీటరు పెట్టి చూశారా?" అంది.

"వేలు పెట్టానండీ. ఈ షాపుకి ఇదే మీటరు."

ఆమె కట్టు విప్పుతుండగానే మంట వెలిగించి వంగాడు. భార్య అడ్డం వచ్చింది.

"ఆగు. ముందు నాకు పెట్టు."

"నేను పెట్టుకున్నాగా."

"టంకం కాల్చీ కాల్చీ గేదెతోలైన వేళ్ళు నీవి. మొన్న నిప్పు పడితే నేను చెప్పేదాకా తెలిసిందా?"

వేలు చాపింది. చాపినంత సేపు పట్టలేదు, షాకు కొట్టి చెయ్యి విదిలించుకుంటూ గోడకు తగిలింది. మందుల పళ్ళెం బోర్లా పడింది.

"అల్లుడూ," అంది అత్తగారు తాపీగా, "వేలు నిలబెడతావనుకుంటే మనిషినే లేపేసేట్టున్నావే."

డాక్టరమ్మ గోడకు వేలాడుతున్న మీటరు తీసి పెన్నుకు తగిలించింది. ముల్లు చివరికంటా పోయి కూర్చుంది. ఇన్నేళ్ళూ షాకు కొట్టకపోవడం తన పనితనమనుకున్నాడు. అది కొడుతూనే ఉంది, తన తోలే పలకలేదు.

"రెసిస్టరు పెడితే మంట చిన్నదైపోతుందండీ" అని నసిగాడు.

"పెద్ద మంట నేనడిగానా?"

అడగలేదు. పుండూ అడగలేదు. పెద్ద మంట కావలసింది అతగాడికే.

"సరిగ్గా చేసి తెండి, ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేయిస్తా. అందాకా కట్లే. ఎరుపు పైకి పాకిందా, ఇక ఆగను" అని ఆమె వెళ్ళిపోయింది.

"చెయ్యి నాయనా, ఆగుతాలే" అంది అత్తగారు, తెల్లకట్టు వైపు చూస్తూ.

మధ్యాహ్నం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. భార్య ఆ పూట చెంచాతో తింది.