చెవిలో ముందు దూరిన పేరు

…అయినా భోజనాల దగ్గర ఆ మాట ఎత్తకుండా ఉంటే సరిపోయేది, అనుకున్నాడు జయరామన్. ధర్మపురి కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే మనిషికి ఇంటికి వచ్చాక కూడా నోరు ఊరుకోదు. మురుగునీళ్ళలో దొరికిన రెండు వైరస్‌లు ఒకే బ్యాక్టీరియా మీద పడితే, ముందు దూరినది లోపలినుంచి తలుపు వేసేస్తుంది. రెండోది గోడకు అంటుకుని బయటే ఉండిపోతుంది. ఇంతే చెప్పి రసం పోసుకున్నాడు. అమ్మ సౌభాగ్యం, పిల్లనిచ్చిన అత్త అలమేలుమంగ తినడం ఆపి విన్నారు. అతని పాఠం అంత శ్రద్ధగా విన్నవాళ్ళు కాలేజీలో కూడా లేరు.

జయరామన్‌కు పుట్టిన పాపకు ఇంకా పేరు పెట్టలేదు. పేరు పెట్టే రోజున తండ్రే దాన్ని చెవిలో చెప్పాలి. కానీ మర్నాడే అమ్మ నూనె రాస్తూ పాప చెవిలో తన అత్తగారి పేరు, పూంగావనం, ఊదడం మొదలుపెట్టింది. అలమేలుమంగ తన తల్లి పేరు, ధనం, ఊదింది. ఊది, చెవిలో పత్తి కుక్కింది.

"ఏం వదినా, పాపకి జలుబా? పత్తి పెట్టినావే," అంది అమ్మ.

"గాలి తగలకుండా పెట్టినాను వదినా. మీ ఇంట్లో గాలి ఎక్కువ."

ఆ రోజు భోజనాల దగ్గర అతను చెప్పని సంగతి ఒకటి ఉంది. ఏ వైరస్ గెలిచినా చివరికి పగిలిపోయేది ఆ బ్యాక్టీరియానే. తన పేరూ తాతదే. తనలో 'నేను' అంటున్న గొంతు ఎవరిదో జయరామన్‌కు ఇప్పటికీ అనుమానమే. పాపకు కూడా అంతేనా?

పేరు పెట్టే రోజు హరూర్ నుంచి చుట్టాలు వచ్చారు. భార్య యోగలక్ష్మి ఒడిలో పాప. జయరామన్ పాప చెవి దగ్గరికి వంగగానే అమ్మ అతని కుడిచెవి దగ్గరికీ, అత్త ఎడమచెవి దగ్గరికీ చేరి గుసగుసగా ఎవరి పేరు వాళ్ళు చెప్పసాగారు. ఇప్పుడు తలుపు తనే అని అతనికి అర్థమైంది. రెండు పేర్లూ నాలుక మీదకు వచ్చి తోసుకుంటున్నాయి.

"ఏదో ఒకటి చెప్పేయండి. దానికి ఆకలైతాంది," అంది యోగలక్ష్మి.

పాప అతని నోటివైపే చూస్తోంది. జయరామన్ పెదవులు బిగించి, రెండు అరచేతులతో పాప చెవులు రెండూ మూశాడు.