ఇరవైకి తొమ్మిది

తనిఖీ రోజున, ముందురోజు చెప్పేసిన పాఠాన్నే మళ్లీ చెప్పడం మా బడి ఆనవాయితీ. పిల్లలు చిలకల్లా జవాబులు అప్పజెబుతారు, తనిఖీ సారు టిక్కులు పెట్టుకుని వెళ్తారు, అందరికీ సుఖం.

"నువ్వూ అదే చెయ్యి తల్లీ, మంకుపట్టు పట్టకు. తనిఖీలో ఇరవైకి పన్నెండు మార్కులు రాకపోతే నిన్ను పర్మనెంటు చెయ్యరు, ఇంటికి పంపించేస్తారు" అని సైన్సు చెప్పే అక్క చెవినిల్లు కట్టుకుని పోరింది. నేను వింటేగా! వచ్చేసిన పాఠం చెప్పడానికి టీచరెందుకు?

ఐదో తరగతిలో కొత్త పాఠమే ఎత్తుకున్నాను: భిన్నాల కూడిక. సారు వెనక బెంచీలో మార్కుల కాగితం తెరిచి కూర్చున్నారు. సగానికి మూడో వంతు కలిపితే ఎంతని అడిగాను. ఏనాడూ నోరు విప్పని పొట్టి జడల పిల్ల లేచి, "రెండు బై ఐదు మేడమ్" అంది. పైవీ పైవీ, కిందవీ కిందవీ కలిపేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు పాఠమంతా ఆ తప్పులోనే ఉంది మరి. దాన్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, "ఇది ఒప్పో తప్పో మీరే తేల్చండి. కాగితం పట్టీలు మడిచి చూడండి" అన్నాను.

తరగతి గోలగోలగా అయిపోయింది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంట్రా!" అని ఒకడు అరిచాడు. సరిగ్గా అప్పుడే సారు గడియారం చూసుకుని లేచి వెళ్లిపోయారు. కూర్చున్నది పన్నెండు నిమిషాలు. ఇంకో ఐదు నిమిషాలుంటే ఆయన సొమ్మేం పోయింది?

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలో సారు ఆ కాగితం నా ముందు పెట్టారు. ఇరవైకి తొమ్మిది. బోర్డు మీద తప్పు లెక్క. తరగతిలో క్రమశిక్షణ లేదు.

"అది పిల్ల చెప్పిన జవాబు సార్. కావాలనే రాశాను. మీరు వెళ్లాక వాళ్లే సరిదిద్దుకున్నారు" అన్నాను.

"నేను చూసిందే రాస్తానమ్మా. చూడనిది ఎలా రాయను?"

"చూడకుండా వెళ్లింది మీరేగా!"

నా గొంతు లేచింది. హెడ్మాస్టరు నేలచూపులు చూస్తున్నారు. ఇక మర్యాద గిర్యాద పక్కనపెట్టి, వెళ్లి పొట్టి జడల పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అది భయపడుతూనే పట్టీని ఆరు ముక్కలుగా మడిచింది.

"సగమంటే మూడు ముక్కలు సార్. మూడో వంతంటే రెండు. మొత్తం ఆరింట్లో ఐదు."

సారు ముఖం వెలిగిపోయింది. "భేష్! బోర్డు మీద తప్పున్నా నువ్వు సరిగ్గా చేశావే! ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. మేడమ్ మమ్మల్నే కనుక్కోమన్నారు."

"ఓహో" అని సారు కలం తీశారు. 'పాఠం చెప్పడం లేదు, పిల్లలే సొంతంగా నేర్చుకుంటున్నారు' అని కింద రాసి, తొమ్మిది కొట్టేసి ఎనిమిది వేశారు.