తాకితే పలకని తెరలు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవదు, విడవదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అన్న మొహమూ అలాగే ఉంది. చెల్లెలు తలెత్తకుండా కూర తరుగుతోంది.

గోదాములో సరుకు లెక్కపెట్టే పాత చేతి కంప్యూటర్లకు కొత్త సిస్టమ్ ఎక్కిస్తానని అన్న ఒప్పుకున్నాడు. ఒకరి అదిలింపుకు అలవాటుపడ్డ ఎద్దు మరొకరి అదిలింపుకు కదలదు. ఆ యంత్రాలూ అంతే. తెర మీద వేలు పడిన సంగతి లోపలికి చేరవేసే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని రాసిన కంపెనీ గుట్టు విప్పకుండానే మూతపడింది. పాత సిస్టమ్‌లోంచి దాన్ని పదిలంగా బయటికి తీసి, కొత్తదానికి అర్థమయ్యేలా మలచుకోవాలి. ఏళ్ల తరబడి కూర్చుని చెల్లెలు తన దగ్గరున్న ఒక్క యంత్రంలో అది సాధించింది. అన్న తన పనేనని గోదాము యజమానికి చెప్పుకున్నాడు. ఇదేమిటని అడిగినందుకు ఆమెను తన రిపేరు దుకాణంలోంచి పంపేశాడు. అక్కడి ఆమె కంప్యూటరులో ఉన్నదంతా చెరిపేసి బిల్లులు కొట్టడానికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు గోదాము యంత్రాలన్నిటినీ అలాగే చెరిపి కొత్తది ఎక్కించాడు, పాతదాన్ని దాచుకోకుండా. తెరలు వెలుగుతున్నాయి గానీ వేలు పెడితే ఉలకవు, పలకవు.

"గోడ మీద గీకినట్టుందే. నీ దగ్గరున్నది ఓసారి ఇటివ్వు."

"నాకేం తెలుసన్నయ్యా. స్క్రూలు బిగించే పిల్లనని నువ్వేగా గోదాము ఆయనతో అన్నావు."

"ఇప్పుడవన్నీ ఎందుకు? సాయంత్రానికి ఇవి పలక్కపోతే దుకాణానికి తాళమే."

"కాపీ నా కంప్యూటరులో ఉండేది. నీ బిల్లుల మధ్య వెతుక్కో."

పొయ్యి దగ్గర అమ్మ గరిటె ఆపింది. "ఇచ్చెయ్యవే. తోడబుట్టినవాడు."

"నేను మాత్రం దొరికినదాన్నా అమ్మా?"

చెల్లెలు చేతులు కడుక్కుని తన దగ్గరున్న ఆ ఒక్క యంత్రం తెచ్చింది. అన్న చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. వేలు ఆనించగానే తెర చక్కగా పలికింది. అతని కళ్లలోకి ప్రాణం వచ్చింది. అది రావడం చూశాకే, అంతా చెరిపెయ్యాలా అని యంత్రం అడిగే చోటికి వెళ్లింది.

"వద్దే," అన్నాడు నీరసంగా.

నొక్కింది. ఎంత చెరిగిందో చూపే గీత తెర మీద మెల్లగా నిండసాగింది. ఆమె చూపు తిప్పుకోలేదు. గీత నిండాక యంత్రాన్ని అతని చేతిలో పెట్టింది.

"తీసుకో. ఇప్పుడిదీ నీ వాటిలాంటిదే."

అమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్న లేచిపోతాడనుకుంది చెల్లెలు. పోలేదు. తల వంచుకుని ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. ఆమె రెండోసారి కూర వడ్డించుకుంది.