కూలర్ ఆగిన మధ్యాహ్నం

నా గొంతు సంగతి మా వీధి వీధంతా ఎరుగుదురు. నేను ఉప్పల్లో కూరగాయల బేరమాడితే నాచారంలో వినపడుతుందని మావారు విశ్వనాథం నలుగురిలోనూ అంటుంటారు. అలాంటి నన్ను ఒక సంస్థవాళ్లు ఏరికోరి పనిలో పెట్టుకున్నారు. వారానికోసారి చిన్నపిల్లలున్న ఇళ్లకు వెళ్లి, పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించాలి. మాట్లాడినందుకు జీతమిస్తామంటే నాకన్నా తగినదాన్ని ఎక్కడ వెతుకుతారు?

రాణి ఇంట్లో మాత్రం నా పప్పులు ఉడకలేదు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక ఒకే ఒక్క గది. ఆమె భర్త మహిపాల్‌కు మందుల కంపెనీలో ఎప్పుడూ రాత్రి డ్యూటీ. పగలంతా ఆ గదిలోనే, పాత ఇనుప కూలర్ ముందు పడుకుంటాడు. అది లారీలా మోగుతుంది. ఆ మోతకు కదలడు గానీ, మనిషి మాట చెవిన పడితే దిగ్గున లేస్తాడు. ఇక నిద్ర పట్టదు. ఒకసారి నిద్రమత్తులో మిషన్‌లో చెయ్యి పెట్టబోయాడట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో సైగలే, లేదంటే చెవిలో గుసగుసలే. సాయంత్రం అతను డ్యూటీకి పోయి కూలర్ ఆగినా రాణికి ఆ గుసగుసల అలవాటు పోదు; పైగా ఇరుపక్కల ఇళ్ల టీవీలు మొదలు.

వాళ్ల పాప దీపకు రెండేళ్లు దాటాయి. చెప్పిందల్లా చేస్తుంది. మాట మాత్రం లేదు.

"పెదవులైతే ఆడిస్తది మేడం, సప్పుడు రాదు," అంది రాణి నా చెవి దగ్గరికి జరిగి. "ఏడిస్తే గొంతొస్తది, మాటకు రాదు. మూగదే అంటున్నది మా అత్త. సోమవారం పెద్ద దవాఖానకు తోల్కపోతున్నం. ఆడ గూడ గదే మాటంటే నేనేం జెయ్యాలె?"

చూపించడం మంచిదేనన్నాను. ధైర్యం చెప్పబోయాను గానీ, నాలోనే అది లేదు. 

రెండువేల పన్నెండు ఎండాకాలం అది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం పాత చీరపేలికలతో చేసిన బొమ్మను దీప చేతికిచ్చాను. అది బొమ్మను మూలకు తీసుకుపోయి చాప మీద పడుకోబెట్టింది. అంతలో కరెంటు పోయింది. కూలర్ ఆగింది.

ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మూల నుంచి సన్నగా ఏదో వినపడింది. ఎలుకేమో అనుకున్నాను. రాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దీప బొమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి చెబుతోంది.

"సప్పుడు జెయ్యకు. నాయిన పన్నడు. జర ఆగు, బువ్వ పెడ్త."

గొంతు లేదు, ఉత్త ఊపిరే. కానీ ప్రతి మాటా మాటే. మాట్లాడటమంటే ఇంతేననుకుంది ఆ పిల్ల. పెద్దవాళ్ల పెదవులు చూసి, ఆ మోతలోనే కూర్చుని, తనంత తానే ఇంత భాష పోగేసుకుంది. ఎన్నాళ్లుగా మాట్లాడుతోందో ఏమో, ఒక్కరికీ వినపడలేదు. ఆ పిల్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఉక్కకు మహిపాల్‌కు మెలకువ వచ్చింది. "ఎవలు మాట్లాడుతున్నరు?" అన్నాడు.

"నీ బిడ్డ," అంది రాణి. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

తండ్రి లేచాడని చూసి దీప గబగబా వచ్చింది. అతని కళ్లు మూసి, "పండుకో నాయినా," అంది, అదే ఊపిరితో.

అతను ఆ చేతిని తీయలేదు. బుజ్జి వేళ్ల కింద నుంచి నీళ్లు జారాయి.

"నా నిద్ర అయిపోయింది బిడ్డా. ఇగ ఎంతన్న ఒర్రు, గట్టిగ మాట్లాడు. నేనేమన."

దీప తల్లి వైపు చూసింది. రాణి తలూపింది.

"నాయినా," అని పిలిచింది దీప.

నిండు గొంతుతో వచ్చిన ఆ మాటకు తనే ఉలిక్కిపడింది. ఎవరన్నారా అని గది నాలుగు మూలలూ చూసింది. అన్నది తనేనని తెలిశాక మళ్లీ పిలిచింది, ఇంకా గట్టిగా.